తప్పు నాదే, మళ్లీ వస్తా

మేడ మీది గది
జూన్ 9

బావా,

నీ కిందటి ఉత్తరం అందింది. అది ఉత్తరమా, మరమ్మతుల రిజిస్టరా? "మోకాలు బాగాలేదు. పంపు బాగైంది. మీ అక్క బాగానే ఉంది." మా అక్కని పంపు తర్వాత రాశావు. తనకి చెప్తాను, చూసుకో. పోయిన చలికాలం మీ ఇంట్లో వంటింటి తలుపుకి అడ్డం పెట్టిన ఆ ఇనప ముక్కని తన్నుకున్నానే, ఆ వేలికి గోరు ఇప్పటికి సరిగ్గా వచ్చింది. దాన్ని అవతల పారేసి ఒక రాయి పెట్టుకోరాదా?

కింద వాటాలో ఉండే టీచరమ్మ నిన్న అడిగింది, "ఎయిర్ ఫోర్సులో మీరేం చేసేవారండీ?" అని. "ఏడేళ్లు బోర్లా పడుకున్నానమ్మా" అన్నాను. నవ్వింది గానీ నమ్మలేదు. ట్యాంకర్ విమానం తోకలో పడుకుని, గడ్డం కింద మెత్త పెట్టుకుని, వెనకాలే వచ్చే ఫైటర్ వీపు మీదున్న కన్నంలోకి గొట్టం దించి ఇంధనం పోసేవాణ్ణని చెప్పాను. "ఎగురుతూనే?" అంది. ఎగురుతూనే. "మరి ఆ గొట్టం పాడైతే?" అంది. బాగుచేసేవాడు మా అక్క మొగుడు అన్నాను.

ఈ వేళాకోళమంతా ఎందుకంటే, అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. తూనీగ కూతురు ఉత్తరం రాసింది.

అవును, మన ఫైటర్ పైలట్ తూనీగే. అతను పోయినప్పుడు ఆ పిల్లకి రెండేళ్లు. ఇప్పుడు నలభై మూడు, భూములు కొలిచే సర్వేయరు. మన పాత బేస్‌లో గోడ కడుతున్నారట, డ్యూటీలో పోయినవాళ్ల పేర్లు చెక్కడానికి. తూనీగ పేరు అందులో లేదు. సొంత తప్పు వల్ల పోయినవాళ్ల పేర్లు చెక్కరట. సెప్టెంబరు ఆఖరికి జాబితా మూసేస్తారు. "విచారణ రిపోర్టులో మా నాన్న తొందరపడి దూసుకొచ్చాడనీ, తన తప్పు తనే రేడియోలో ఒప్పుకున్నాడనీ ఉంది. ఆయన్ని ఆఖరిసారి చూసినవారు మీరు. నిజంగా అలాగే జరిగిందా?" అని అడిగింది.

బావా, ఆ రేడియో మాట ఏమిటో నీకూ నాకూ తెలుసు. గొట్టం కన్నంలో పడకపోతే, తప్పెవరిదైనా సరే, కింద పైలట్ "తప్పు నాదే, మళ్లీ వస్తా" అనేవాడు. అది మన దగ్గర మర్యాద. గొట్టం పట్టుకున్నవాడి చెయ్యి వణక్కూడదని. వణికితే రెండోసారీ పడదు. కొత్త పైలట్లకి మొదటి వారమే నేర్పేవాళ్లు. విచారణకి వచ్చిన పెద్దమనుషులు ట్యాంకర్ ఎక్కిన మొహాలు కావు. టేపు విని, "ఇంకేం, ఒప్పుకున్నాడుగా" అని రాసేసుకున్నారు. మిగతావాళ్లకి ఆ మర్యాద సంగతి తెలిసినా, వెనక ఏం జరిగిందో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. చూసినవాడే నోరు మూసుకుంటే వాళ్లేం మాట్లాడతారు? నేను బల్లకి ఇవతల కూర్చుని నా బూట్లు చూసుకున్నాను.

ఇప్పుడీ పిల్లకి ఏం రాయను?

నీ బావమరిది

వెనక వరండా
జూన్ 17

ఒరే బావమరిదీ,

గోరు ఒక్కటే పోయింది, సంతోషించు. కళ్లు పెట్టుకుని నడవడం నీకెప్పుడు తెలిసింది గనక. ఆ ముక్క అక్కడే ఉంటుంది. అది లేకపోతే గాలికి తలుపు కొట్టుకుని ప్రాణం తీస్తుంది.

నీ ఉత్తరం మీ అక్క చదవకముందే తీసి దాచాను. తనకివన్నీ ఎందుకు? మొన్న కూడా బీపీ చూపించుకొచ్చాం. నువ్వు కూడా ఫోను చేసినప్పుడు నోరు జారకు.

బేస్ అనగానే నాకు ఆ కాంటీన్ గుర్తొస్తుంది. టీలో కూడా ఇంధనం వాసనే. మా పెళ్లికి ముందు నీ క్వార్టర్లో ఉన్నప్పుడు మీ అక్క నీ చొక్కాలు ఉతికి ఆరేస్తే, పక్క క్వార్టర్ వాళ్లు పొయ్యి వెలిగించడానికి భయపడేవాళ్లు. సాయంత్రం విమానాలు తిరిగొచ్చే వేళకి కాంటీన్‌లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. కప్పు చేత్తో పట్టుకుని, చప్పుడు వింటూ లెక్కపెట్టుకునేవాళ్లం. ఎన్ని వెళ్లాయో అన్నీ దిగితే అప్పుడు కప్పులు కింద పెట్టేవాళ్లం. వంటవాడు కూడా గరిటె ఆపేసేవాడు.

ఆ రోజు నాలుగు వెళ్లి మూడు దిగాయి. ఆ తర్వాత ఎంతసేపు కప్పు పట్టుకు కూర్చున్నామో నాకే తెలీదు. అంతకన్నా గుర్తు చేసుకుని ఏం బావుకుంటాం?

ఆ అమ్మాయికి మంచిగా నాలుగు ముక్కలు రాయి. మీ నాన్న ధైర్యస్తుడు, అందరూ ఇష్టపడేవాళ్లు, వెళ్తూ వెళ్తూ నవ్వుతూ చెయ్యి ఊపాడు అని రాయి. ఆడపిల్ల, సంతోషిస్తుంది. గోడ మీద పేరుంటే మనిషి తిరిగొస్తాడా? పాతవి తవ్వకు. నా మాట విను.

మోకాలు అలాగే ఉంది.

మీ బావ

మేడ మీది గది
జూలై 6

బావా,

నీ మాట విన్నాను. విని చెంపదెబ్బ తిన్నాను.

నువ్వు చెప్పినట్టే రాశాను, చెయ్యి ఊపాడని కూడా. ఆమె జవాబు మూడు లైన్లు. "మీ ఉత్తరానికి కృతజ్ఞతలు. ఇంధనం తీసుకునేటప్పుడు పైలట్ రెండు చేతులూ ఖాళీ ఉండవని చదివాను. మా నాన్న ఏ చేత్తో ఊపారో చెప్పగలరా?" కొలతలు తీసే మనిషికి అబద్ధం చెప్పి నెగ్గుదామనుకున్నాను చూడు, సిగ్గుతో చచ్చిపోయాను.

బావా, మనమిద్దరం నలభై ఒక్క ఏళ్లుగా ఎత్తని మాట ఇప్పుడు ఎత్తుతున్నాను. కోప్పడకు. రెండు, ఐదు, ఒకటి, నాలుగు, నాలుగు, మూడు.

మర్చిపోలేదు కదా? ఏటా కళ్ల పరీక్షలో ఆ పెట్టెలోకి చూడమనేవాళ్లు. ఆరు వరసలు, వరసకి ఐదు సున్నాలు. అందులో ఏది ముందుకొచ్చినట్టుందో చెప్పాలి. అందరికీ ఒకటి ముందుకొచ్చేది. నాకు ఐదూ గోడకి అంటించినట్టే ఉండేవి. నా ఎడమ కన్ను పేరుకే కన్ను, ఏది దగ్గరో ఏది దూరమో నాకు తెలీదు. నన్ను గొట్టం మీద నుంచి తీసేస్తారని ఏడుస్తుంటే, నువ్వు డిస్పెన్సరీలో ఫ్యాన్ బాగుచేసే వంకతో వెళ్లి జవాబులు అరచేతిలో రాసుకొచ్చావు. ఏడేళ్లూ ఆ ఆరు అంకెలే అప్పజెప్పాను.

మరి గొట్టం ఎలా దించేవాణ్ణో నీకొక్కడికే చెప్పాను. నీడని బట్టి. ఎండలో గొట్టం నీడ ఫైటర్ వీపు మీద పడుతుంది. గొట్టం, నీడ దగ్గరవుతుంటే దూరం తగ్గుతున్నట్టు. రాత్రయితే మా లైట్ల నీడ. మబ్బు కమ్మిన రోజున నువ్వు ఏదో ఒక రిపేరు వంక పెట్టి మా విమానాన్ని కదలనిచ్చేవాడివి కాదు. "మీ ట్యాంకర్‌కి వానంటే జలుబు" అని అందరూ ఎగతాళి చేసేవాళ్లు.

ఆ రోజు మబ్బు ఉంది. నువ్వు లేవు. పైన కూడా పొర కమ్మి ఎక్కడా నీడన్నది లేదు. తూనీగ కిందికి వచ్చాడు. ఎప్పుడూ చురుగ్గానే వచ్చేవాడు, ఆ పేరే అందుకు పెట్టాం. అతను గడ్డం గీసుకోలేదని కూడా కనపడింది, అంత దగ్గర. గొట్టం దించాను. ఠంగుమని చప్పుడు. "తప్పు నాదే, మళ్లీ వస్తా" అన్నాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ వచ్చాడు. మూడుసార్లూ అదే మాట. అప్పటికే ఆ కన్నం మూత వంగిపోయింది, గొట్టం పట్టడం లేదు. ఇంధనం లేకుండానే ఒడ్డు వైపు తిరిగాడు. ఇంకా ఇరవై మైళ్లుండగా సముద్రంలో పడ్డాడు. విమానం దొరకలేదు, మనిషీ దొరకలేదు.

అతను ముందుకి దూసుకొచ్చి గొట్టానికి తగిలాడా? నేనే గొట్టం తప్పు చోట దించానా? నాకు తెలీదు బావా. ఒట్టేసి చెప్తున్నాను, నాకు నిజంగా తెలీదు. నా కంటికి ఆ రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఈ నలభై ఒక్క ఏళ్లూ ఒకరోజు అతనిదే తప్పనుకుంటాను, మర్నాడు నాదే అనుకుంటాను.

ఆ సాయంత్రం మా విమానం దిగగానే గొట్టం చూసింది నువ్వు. దాని మీద ఏమైనా దెబ్బ ఉందా?

నీ బావమరిది

వెనక వరండా
జూలై 15

ఏమీ లేదు. నాజిల్ చివర ఉక్కు కట్టు అరిగిపోయి ఉంటే మార్చాను. రిజిస్టర్లో రాసి ఉంది.

ఇంకోసారి ఆ అంకెలు కాగితం మీద పెట్టావంటే మన ఇద్దరికీ ఇదే ఆఖరి ఉత్తరం. నీకు పెళ్లాం లేదు, పిల్లల్లేరు, నీ ఇష్టం వచ్చినట్టు మొహం మాడ్చుకు కూర్చోవచ్చు. నాకు ఇల్లుంది. మీ అక్క నలుగురిలో తలెత్తుకు తిరుగుతోంది. ఆవిడ మొగుడూ తమ్ముడూ కలిసి ఒక మనిషిని చంపారని ఈ వయసులో వినాలా?

మీ బావ

మేడ మీది గది
ఆగస్టు 20

బావా,

నెల దాటింది, నువ్వు రాయలేదు. నేనే రాస్తున్నాను. నాకు రోషం లేదని కాదు, నువ్వు తప్ప ఈ సంగతి చెప్పుకోడానికి నాకు మనిషి లేడు.

ఆమెకి మళ్లీ రాశాను. చెయ్యి ఊపడం అబద్ధమని ఒప్పుకున్నాను. ఆ రేడియో మాట మర్యాద మాటేనని, తప్పు ఒప్పుకోవడం కాదని కూడా రాశాను. ఆమె దాన్ని గోడ కమిటీకి పంపింది. వాళ్లు కుదరదన్నారు. మర్యాద మాటైనంత మాత్రాన తప్పు ఆయనది కాదని రుజువు కాదు కదా, కొత్తగా సాక్ష్యమేదైనా ఉంటే తెమ్మన్నారు. వాళ్లన్నదీ నిజమే.

ఆమె ఉత్తరంలో ఒక మాట ఉంది, అది నన్ను నిద్రపోనివ్వడం లేదు. "మా అమ్మ కిందటేడు పోయింది. ఇంట్లో ఎవరైనా గబగబా నడిచినా కేకలేసేది. 'ఆ తొందరే మీ నాన్నని మింగింది. మనల్ని తల్చుకుని ఒక్క క్షణం ఆగలేకపోయాడు' అనేది. ఆయన మీద కోపంతోనే పోయింది. అందుకే అడుగుతున్నాను."

బావా, నేను నోరు మూసుకున్నందుకు ఒక ఆడమనిషి తన మొగుణ్ణి నలభై ఏళ్లు తిట్టుకుంటూ బతికింది.

నువ్వు "అరిగిపోయింది" అని రాశావు. ఆ ఉక్కు కట్టు కొత్తది. దాన్ని ఆ నెల మొదట్లోనే మార్చావు. ఇద్దరం కలిసే బిగించాం, నట్టు నా కాలి మీద పడింది కూడా. మూడు వారాల్లో ఎలా అరిగింది?

నువ్వు జవాబివ్వకపోతే నేను కళ్ల పరీక్ష సంగతి ఒక్కటే రాసి ఇచ్చేస్తాను. నీ పేరు రాయను.

నీ బావమరిది

వెనక వరండా
ఆగస్టు 29

ఒరేయ్,

నా పేరు రాయకుండా నువ్వొక్కడివే వెళ్తావా? అంత గొప్పవాడివైపోయావా?

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇప్పుడు ఆపకుండా రాస్తాను, నువ్వు కూర్చుని చదువు.

ఆ పొద్దున నేను సెలవు పెట్టాను. మా పెళ్లి ఇంకా మూడు వారాలు. మీ అక్కా నేనూ కాపురానికి ఇల్లు చూడ్డానికి వెళ్లాం. గేటు దగ్గర తలెత్తి చూశాను, మబ్బు పడుతోంది. చూశాను రా. మధ్యాహ్నానికి విడిపోతుందిలే అనుకుని బస్సెక్కాను. వంటగదికి వెనక వైపు తలుపుందని మీ అక్క ఎంత మురిసిపోయిందో. నేను కూడా మురిసిపోతూ సాయంత్రం కాంటీన్‌కి తిరిగొచ్చాను.

మీ విమానం దిగింది. నువ్వు దిగి నా మొహం కూడా చూడకుండా నడిచి వెళ్లిపోయావు. నేను నిచ్చెన వేసుకుని గొట్టం చూశాను. అతను తొందరపడి దూసుకొచ్చి ఉంటే గొట్టం లోపలికి నొక్కుకుపోయి, నాజిల్ మూతి మీద దెబ్బ ఉండాలి. మూతి శుభ్రంగా ఉంది. దెబ్బ ఉక్కు కట్టు కింది వైపు, పక్కగా ఉంది. లోతైన సొట్ట, దాని మీద ఫైటర్ బూడిద రంగు చార. గొట్టం పై నుంచి తప్పు చోట దిగితేనే అలా పడుతుంది. వేరే దారి లేదు. ఇంత తెలియడానికి నాకు అర నిమిషం పట్టింది.

తప్పు నీది. నీదీ నాదీ. అతనిది ఇసుమంత కూడా లేదు.

విచారణవాళ్లు వచ్చేలోపు కట్టు ఊడదీసి కొత్తది బిగించాను. పాతది లంచ్ డబ్బాలో పెట్టుకుని గేటు దాటాను. మురుగు కాలవలో పారేద్దామనుకున్నాను. చేతులు రాలేదు. అది పారేస్తే ఆ మనిషిని ఇంకోసారి ముంచినట్టు అనిపించింది. కాపురం పెట్టిన మొదటి వారంలోనే వంటింటి వెనక తలుపు గాలికి కొట్టుకుంటుంటే, మీ అక్క "ఏదైనా బరువు పెట్టండి" అంది. నా చేతికి దొరికింది అదే.

అవునురా. నువ్వు తన్నుకున్నది అదే. మూడిళ్లు మారాం, మూడింటికీ వచ్చింది. తలుపుకి రంగు వేసినప్పుడల్లా దానికీ ఆకుపచ్చ పూత వేశాను. నువ్వు వచ్చినప్పుడల్లా దాన్ని దాటుకుని లోపలికి వస్తుంటే నీ కాళ్ల వంకే చూస్తుండేవాణ్ణి.

నీకెందుకు చెప్పలేదంటావా? నీకు తెలీదని నాకు తెలుసు. సగం రోజులైనా అతని తప్పని అనుకుంటూ బతుకుతావని చెప్పలేదు. మొన్న "నాకు నిజంగా తెలీదు" అని నువ్వు రాసింది చదివి వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఇది నీ మీద ప్రేమా, నా మీద భయమా అని అడిగితే చెప్పలేను.

మోకాలు బొత్తిగా లేవనివ్వడం లేదు. లేకపోతే నేనే తెచ్చేవాణ్ణి.

మీ బావ

మేడ మీది గది
సెప్టెంబరు 5

బావా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. పైకే తిట్టాను, కింద టీచరమ్మ వచ్చి "ఎవరితోనండీ?" అని అడిగింది. నలభై ఒక్క ఏళ్లు నా ఎదుటే పెట్టావు. ఆ తలుపు దగ్గరే ఎన్నిసార్లు కూర్చుని టీ తాగాం, నువ్వు దాని మీద కాలు కూడా పెట్టుకునేవాడివి.

మూడో రోజున కోపం పోయింది. పోయాక అది ఇంకా కష్టంగా ఉంది. ఇన్నాళ్లూ సందేహమైనా తోడుండేది, ఇప్పుడు అదీ లేదు. నేనే చంపాను. తెలిసింది.

దాన్ని పార్సెల్ చెయ్యకు. పోస్టులో పోతే ఈసారి ఏ మొహం పెట్టుకుని చెప్తాం? అక్కకి చెప్పు. అక్కే తెస్తుంది. ఇరవయ్యో తారీఖు దాటనివ్వకు.

నీ బావమరిది

వెనక వరండా
సెప్టెంబరు 13

ఒరేయ్,

చెప్పాను. పొద్దున్న టీ తాగుతూ అంతా చెప్పాను. తను ఒక్క ప్రశ్న వేసింది. "ఆ రోజేనా మనం ఇల్లు చూసింది?" అవునన్నాను. లేచి వెళ్లి ఆ ముక్కని సబ్బుతో కడిగి, తుడిచి, తన పాత చీరలో చుట్టింది. రేపు ఉదయం బండికి బయల్దేరుతోంది. స్టేషన్లో దింపడానికి ఆటో నేను మాట్లాడితే వద్దని వేరే పిలిపించుకుంది.

నా వాంగ్మూలం కూడా రాసి సంతకం పెట్టి తనకిచ్చాను. చదివి సంచిలో పెట్టుకుంది.

మీ బావ

మేడ మీది గది
సెప్టెంబరు 19

బావా,

వెళ్లొచ్చాం. అక్క లేకపోతే నేను గుమ్మం దగ్గర నుంచే తిరిగొచ్చేసేవాణ్ణి.

చిన్న ఇల్లు. గోడకి కొలత గొలుసులు, మూలన మూడు కాళ్ల స్టాండు. ఆమెకి అచ్చం తూనీగ కనుబొమలు. నేను నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. కళ్ల పరీక్ష, నీడ, మబ్బు, నువ్వు ఊడదీసిన కట్టు, అన్నీ వరసగా చెప్పాను. అయిపోయాక అక్క చీర విప్పి ఆ ముక్కని బల్ల మీద పెట్టింది. "ఇది మా వంటింట్లో ఉంది తల్లీ. నేను దీన్ని కాలితో జరిపాను" అంది. ఆ మాట అంటూ భోరుమంది.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని సొట్టలో ఆకుపచ్చ రంగుని గోటితో గీకింది. చాలాసేపు గీకింది. పూత మీద పూత. చివరికి కింద బూడిద రంగు కనపడింది. "మా నాన్న విమానంలో మాకు దొరికింది ఇదొక్కటే" అంది.

తర్వాత నన్ను అడిగింది. "ఆ మాట ఎలా అన్నారు? విసుగ్గానా?"

"లేదమ్మా. చాలా నెమ్మదిగా. నాకు ధైర్యం చెప్తున్నట్టు."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

"ఆయన అన్నట్టే అని చూపించండి."

అన్నాను. "తప్పు నాదే, మళ్లీ వస్తా." ఇంకోసారి అనమంది. మళ్లీ అన్నాను. మూడోసారి అనలేక గుమ్మం వైపు తిరిగాను బావా. ఆమె వదల్లేదు, అలాగే చూస్తూ కూర్చుంది. ఎలాగో అన్నాను. అప్పుడు తల ఊపి, "ఇది మా అమ్మ వినాల్సింది. ఇంక మీరు వెళ్లండి" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

నీదీ నాదీ వాంగ్మూలాలు కమిటీకి ఆమే ఇచ్చింది. పేరు చెక్కుతామన్నారట. మనిద్దర్నీ పిలుస్తారు, ఏం జరుగుతుందో చూద్దాం. ముక్క ఆమె దగ్గరే ఉంది. అక్క రేపు బయల్దేరుతోంది. తలుపుకి వేరే ఏదైనా చూసుకో.

నీ బావమరిది

వెనక వరండా
అక్టోబరు 4

ఒరే బావమరిదీ,

మీ అక్క వచ్చి పన్నెండు రోజులైంది. వంట చేస్తోంది, మందులిస్తోంది, మోకాలికి కాపడం కూడా పెడుతోంది. మాట మాత్రం అవసరానికి మించి లేదు.

ఈ వారం గాలి ఎక్కువగా ఉంది. వెనక తలుపు ఒకటే కొట్టుకుంటోంది. నిన్న పెరట్లోంచి ఒక ఇటుక వెతికి, కుంటుకుంటూ తెచ్చి అడ్డం పెట్టాను. మీ అక్క చూసింది. వచ్చి, ఆ ఇటుకని తీసుకెళ్లి మళ్లీ పెరట్లో పెట్టేసింది.

"అలా కొట్టుకుంటే ఎలాగే?" అన్నాను.

"కొట్టుకోనివ్వండి. విందాం" అంది. వచ్చి నా పక్కన కూర్చుంది.

మీ బావ